నీచు రోలు

మా పెరట్లో రెండు రోళ్లు ఉండేవి. పెద్దది వంటింటి తలుపు పక్కన, చిన్నది అంట్లు తోమే తొట్టి దగ్గర. పెద్దదాంట్లో పచ్చళ్లూ పొడులూ చేసుకునేవాళ్లం. చిన్నదాన్ని మా అత్తయ్య నీచు రోలు అనేది. చేపల కూరకు మసాలా నూరినా, ఎండు రొయ్యలు పొడి కొట్టినా, ఎండ్రకాయల కాళ్లు దంచినా అందులోనే. మా వైపు పీతలను ఎండ్రకాయలు అంటారు, చేపలనూ మాంసాన్నీ కలిపి నీచు అంటారు. ఆ మాటలో వాసన ఉంది, కాస్త చిన్నచూపు కూడా ఉంది. లొట్టలేసుకుంటూ తినేవాళ్లే ఆ మాట అంటారు. మా అత్తయ్యకు చేపలంటే ప్రాణం. శనివారం మాత్రం ముట్టేది కాదు. ఆ రోజు వెంకటేశ్వరస్వామి పేరు చెప్పి ఒంటిపూట భోజనం, అదీ ఇల్లూ వాకిలీ కడిగి, దీపం పెట్టి, ఏ మూడు గంటలకో.

మాది నకరికల్లు దగ్గర పల్లెటూరు. నేను రోజూ బస్సెక్కి నరసరావుపేట వెళ్లి ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ పాఠం చెబుతాను. మా ఆయనకు సొంత లారీ ఉంది. మాచర్ల వైపు నాపరాళ్లు ఎత్తుకుని బాపట్ల, రేపల్లె దాకా దింపి వస్తాడు. వెళ్లేటప్పుడు రాళ్లు, వచ్చేటప్పుడు అప్పుడప్పుడూ తడి గోతాంలో సముద్రపు ఎండ్రకాయలు.

పీజీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు పనంతా ఆ సముద్రం పక్కనే సాగింది. రొయ్యల చెరువుల్లో విబ్రియో అని ఒక బ్యాక్టీరియా ఉంటుంది. రొయ్యలను చంపేది ఒక రకం, వాటిని సరిగా ఉడికించకుండా తిన్న మనుషులకు వాంతులూ విరేచనాలూ తెప్పించేది ఇంకో రకం. ఈ బ్యాక్టీరియాను పట్టి చంపే వైరస్‌లు కూడా అదే నీళ్లలో ఉంటాయి. ఫేజ్‌లు అంటాం వాటిని. చెరువు నీళ్లు సీసాలో పట్టుకొచ్చి, వడకట్టి, బ్యాక్టీరియా పెంచిన గాజు పళ్లెం మీద ఒక చుక్క వేస్తే, మర్నాటికి ఆ చుక్క పడిన మేర చిల్లు పడినట్టు ఖాళీ అయిపోతుంది. చెరువు గట్టు మీద ఒక రైతు నన్ను అడిగాడు, "అయితే ఇది మందు కాదామ్మా? పురుగును తినే పురుగా?" అని. అంతకంటే బాగా నేను ఇప్పటికీ చెప్పలేను. క్లాసులో ఆ మాటే వాడుకుంటాను.

పిల్లలకు రెండో సంగతి కూడా చెబుతాను. అన్ని ఫేజ్‌లూ చంపవు. కొన్ని బ్యాక్టీరియా లోపలికి వెళ్లి, దానిలో కలిసిపోయి, చడీచప్పుడూ లేకుండా కాపురం ఉంటాయి. అది పిల్లల్ని పెడితే వాటిలోకీ చేరతాయి. కలరా బ్యాక్టీరియా దగ్గర ఉన్న విషం దాని సొంతం కాదు. అలా లోపలికి వచ్చిన వైరస్ మోసుకొచ్చినదే. ఇంత తెలిసిన మనిషిని నేను. మా అత్తయ్య నన్ను చూసి, "చదవేస్తే ఉన్న మతి పోయిందంట" అని ఊరికే అనేది కాదు.

ఒక వేసవిలో మా ఆయన లారీ వెనక్కి తీస్తుంటే చక్రం తగిలి నీచు రోలు రెండు చెక్కలైంది. ఇంకోటి తెప్పించమంది అత్తయ్య. ఎందుకన్నాను నేను. ఒక్క రోలు చాలదా, కడుక్కుంటే పోలేదా అన్నాను.

"కడిగితే పోదమ్మాయ్. నీచు రాయిలోకి దిగిద్ది" అంది.

"రాయిలోకి ఏమీ దిగదు అత్తయ్యా. నేను చదువుకుంది అదే."

"నీ చదువు నీ కాలేజీలో చెప్పుకో. శనివారం నాకు ఆ రోట్లో చేసింది పెడితే నేను తినను."

"మీ చాదస్తానికి రెండు రోళ్లు, రెండు చట్లు, రెండు గరిటెలు. ఇంకా నయం, ఇంట్లో మమ్మల్ని కూడా రెండు వాటాలు చెయ్యలేదు."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. నా నోటికి ముందునుంచీ అదుపు తక్కువ. ఆవిడ వెళ్లి మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత పది రోజులు మా మధ్య మాటలు ఆగలేదు కానీ, పొట్టివి అయిపోయాయి. అన్నం పెట్టాను. సరే. బస్సుకు వెళ్తున్నాను. సరే. ఆవిడ మామూలుగా నన్ను తిట్టి పంపేది. ఆ తిట్లు లేకపోతే బస్సెక్కినా ఏదో మరిచిపోయి వచ్చినట్టుండేది.

ఆ మధ్యలోనే రోళ్లకు గాట్లు పెట్టేవాళ్లు వీధిలోకి వచ్చారు. పెద్ద రోలు నున్నగా అరిగిపోయిందని అత్తయ్య కొత్తగా గాట్లు పెట్టించింది. ఉలితో కొట్టిన సన్నటి గాట్లు, లోపలంతా, వేలు పెడితే గీరుకునేలా.

ఆ శనివారం పొద్దున్నే మా ఆయన తీరం నుంచి వచ్చాడు. గోతాంలో ఎండ్రకాయలు. "ఇయ్యాళ శనివారం కదరా" అంది అత్తయ్య. "నీకొద్దులే అమ్మా, మేం తింటాం" అని ఆయన స్నానానికి వెళ్లాడు. ఎండ్రకాయల కాళ్లను పచ్చివే దంచి, నీళ్లు పోసి, గుడ్డలో వడకట్టి, ఆ రసంతో పులుసు పెడితేనే దాని రుచి. నీచు రోలు లేదు. పెద్దదాంట్లో దంచాను. పులుసు పొయ్యి మీద పెట్టి, రోట్లో రెండు చెంబుల నీళ్లు పోసి, చేత్తో తిప్పి, బోర్లించాను. సబ్బు పెట్టలేదు. పెడదామనే అనుకున్నాను. పొయ్యి మీద పులుసు పొంగింది, లోపలికి పరిగెత్తాను, మళ్లీ వచ్చేసరికి ఆ ఊసే గుర్తులేదు.

వచ్చింది వేరే పని మీద. అత్తయ్యకు కందిపచ్చడి ఇష్టం. అదీ రోట్లో రుబ్బింది. నేను మామూలుగా మిక్సీలో వేసేదాన్ని. "బూడిదలా ఉంది" అని సగం వదిలేసేది. ఆ రోజు నాకు ఆ పది రోజుల పొట్టి మాటలు ఇక చాలనిపించింది. సారీ చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకసలు లేదు. పచ్చడి రుబ్బితే అది చెప్పినట్టే అనుకున్నాను. కందిపప్పు దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు వేసి, కొంచెం కొంచెం నీళ్లు చల్లుతూ కూర్చుని రుబ్బాను. చింతపండు వెయ్యలేదు, ఆవిడకు పులుపు పడదు. రోజూ పొద్దున్నే గ్యాస్ బిళ్ల వేసుకుంటుంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని ఉప్పు చూశాను. సరిపోయింది. గిన్నెలోకి తీసి మూత పెట్టాను. అప్పుడు పదిన్నర అయి ఉంటుంది.

ఆవిడ మూడు దాటాక తింది. మేం అప్పటికే పులుసు తిని చేతులు కడుక్కున్నాం. నేను ఎదురుగా గడప మీద కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. నా వంక చూసింది. "రోట్లో రుబ్బావా?" అంది. అవునన్నాను. "బాగుంది" అని, ఆ పచ్చడితోనే అన్నమంతా తింది. నా కడుపు నిండిపోయింది.

ఆదివారం తెల్లవారుతూనే వాంతులు మొదలయ్యాయి. వెనకే నీళ్ల విరేచనాలు. ఎండ దెబ్బ అనుకున్నాం. ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి ఒక సెలైన్ పెట్టాడు. పదకొండు గంటలకు ఆవిడ కళ్లు లోపలికి పోయాయి, పిలిస్తే సరిగా పలకలేదు. కారు మాట్లాడి నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చాం. ఒంట్లో నీళ్లన్నీ పోయి కిడ్నీలు పని చెయ్యడం లేదన్నారు. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు.

మా ఆడబిడ్డ బెల్లంకొండ నుంచి వచ్చింది. మా ఆయనకంటే పెద్దది. ఆసుపత్రి వరండాలోనే తమ్ముణ్ని పట్టుకుని అడిగింది.

"ఏం పెట్టార్రా అమ్మకి?"

"ఎండ్రకాయలు మేం తిన్నాం. అమ్మ అసలు ముట్టలా. మాకేం కాలా."

"ముట్టకపోతే ఏంది? శనివారం పూట ఇంట్లో నీచు వండితే ఆ స్వామి ఊరుకుంటాడా? చానా చెప్పింది అమ్మ నీకు. విన్నావా ఏనాడన్నా?"

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన పక్కనే నేనున్నాను. తిన్నవాళ్లకు ఏమీ కాలేదు, తినని మనిషి పడిపోయింది అన్న మాట చెవిన పడింది. రోలు కళ్ల ముందు కనబడింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

సోమవారం బట్టలు తేవాలని చెప్పి ఇంటికి వెళ్లాను. ఆ గొడవలో వంటింట్లో ఎవరూ ఏమీ సర్దలేదు. గిన్నె అడుగున రెండు చెంచాల పచ్చడి మిగిలి ఉంది. అది ఒక సీసాలో, పచ్చడి తీశాక రోట్లో పోసి వదిలేస్తే గాట్లలో నిలిచిన నీళ్లు దూదితో అద్ది ఇంకో సీసాలో పెట్టుకున్నాను. ఆసుపత్రి వాళ్లను అడిగి ఆవిడ విరేచనం శాంపిల్ తీసుకున్నాను. మూడూ కాలేజీ ల్యాబులో పెట్టాను. విబ్రియోల కోసం వాడే ఒక మాధ్యమం ఉంది, దాని మీద కలరాది పసుపు చుక్కలుగా వస్తుంది, సముద్రపు చేపల నుంచి వచ్చే రకం ఆకుపచ్చగా వస్తుంది. మంగళవారం పొద్దున పళ్లేలు తీసి చూశాను. మూడింటి మీదా ఆకుపచ్చ చుక్కలు.

ఉప్పు వేస్తే ఏదైనా చెడదని మనం అనుకుంటాం. ఈ బ్యాక్టీరియాకు ఉప్పంటేనే ప్రాణం. ఉప్పు, తడి, ఎండాకాలపు వేడి ఉంటే కొద్ది నిమిషాలకే ఒకటి రెండవుతుంది. నేను వేలితో నాకినప్పుడు ఉన్నవి కొన్నే. మూతపెట్టిన గిన్నెలో ఐదు గంటలు కూర్చున్నాక ఉన్నవి లెక్కలేనన్ని. చింతపండు పులుపు ఉంటే కొంత ఆగేది. కడుపులో ఆమ్లం ఉన్నా కొంత చచ్చేది, ఆ బిళ్లతో అదీ లేదు. నీచు రాయిలోకి దిగుతుందని ఆవిడ చెప్పింది. ఏ బడికీ వెళ్లని మనిషి చెప్పింది నిజం. దిగదని నేను చెప్పాను. ల్యాబులో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. అటెండర్ తలుపు దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్లిపోయాడు.

డాక్టరుకు చెప్పాను. చేసే వైద్యం అదే, నీళ్లెక్కించడమే, అన్నాడు ఆయన. ఇంట్లో చెప్పలేదు.

ఆవిడ బతికింది. ఐదో రోజు కళ్లు తెరిచి, "గొడ్లకు నీళ్లు పెట్టారా?" అని అడిగింది. కానీ కిడ్నీలు మునుపటిలా కాలేదు. ఉప్పు తగ్గించమన్నారు, నీళ్లు కొలిచి తాగమన్నారు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఉంది. ఉన్నన్నాళ్లూ చప్పిడి కూడే తింది.

మా ఆయన నీచు మానేశాడు. అమ్మ మంచం మీద నుంచి లేస్తే జన్మలో ముట్టనని ఆసుపత్రిలోనే మొక్కుకున్నాడట. చేప లేనిదే ముద్ద దిగని మనిషి పప్పూ మజ్జిగా పోసుకుని లేచిపోయేవాడు. లారీ తీరానికి వెళ్తూనే ఉంది, వెనక గోతాం లేదు. వీధిలో ఎవరింట్లోనైనా చేపల పులుసు వాసన వస్తే ఆయన ముఖం పక్కకు తిప్పుకోవడం నేను చూసేదాన్ని. ఒక్క మాట చాలు ఆయన నోటికి ఉన్న ఆ కట్టు విప్పడానికి. ఆ మాట నా లోపల కాపురం పెట్టి కూర్చుంది. చెబితే అత్తయ్య నన్ను ఎలా చూస్తుందోనన్న భయం నాది. పైకి మాత్రం ఆవిడ ఆరోగ్యం కుదుటపడనీ అనుకున్నాను. వాయిదా వేసేవాళ్లకు కారణాలకు కొదవ ఉండదు.

ఒకసారి ఆయన బయల్దేరుతుంటే, ఎండ్రకాయలు పట్టే కాలవ నీళ్లు ఒక సీసాడు పట్టుకురమ్మన్నాను. ఎందుకని అడగలేదు. కూల్‌డ్రింక్ సీసాలో తెచ్చి గడప మీద పెట్టాడు. ఆ నీళ్లు వడకట్టి, అత్తయ్య శాంపిల్ నుంచి దాచిన బ్యాక్టీరియా మీద చుక్కలు వేశాను. మర్నాడు చూస్తే చుక్క పడిన చోటల్లా శుభ్రంగా చిల్లు. పన్నెండేళ్ల కిందట పీజీలో మొదటిసారి చూసినప్పుడు ఎగిరి గంతేశాను. ఈసారి ఫోన్లో ఫొటో తీసుకుని పళ్లెం మూసేశాను.

ఏడాది తిరగబోతుండగా, మిరపకాయలు ఇంటికొచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం అత్తయ్యా నేనూ వసారాలో కూర్చుని తొడిమలు తీస్తున్నాం. నా ఫోనులో ఎవరివో పెళ్లి ఫొటోలు చూస్తూ ఆవిడ వేలితో జరుపుతుంటే ఆ పళ్లెం వచ్చింది.

"ఇదేందమ్మాయ్, దోసె మాడినట్టు చిల్లులు?"

దేవుడు అడిగించాడో ఏమో. "మిమ్మల్ని ఆసుపత్రి పాలు చేసిన పురుగు అత్తయ్యా అది. ఆ చిల్లులు పడినచోట దాన్ని వేరే పురుగు తినేసింది" అన్నాను.

"పురుగును తినే పురుగా? ఎక్కడిది?"

"ఆ ఎండ్రకాయల కాలవ నీళ్లలోనే ఉంది. రెండూ అక్కడే ఉంటాయి."

కాసేపు తొడిమలు తీసింది. "రెండూ అక్కడే ఉంటే, మన రోట్లోకి ఆ తినేది ఎందుకు రాలా?" అంది.

మన రోట్లోకి అంది ఆవిడ. ఎండ్రకాయలు ఆవిడ తినలేదు. రోలు సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అయినా ప్రశ్న అడిగింది కాబట్టి టీచరు బుద్ధి కొద్దీ ముందు దానికే జవాబు చెప్పాను. "వచ్చే ఉంటది అత్తయ్యా. కానీ అది వెతుక్కుంటూ పోలేదు. దానికి కాళ్లుండవు. ఎదురుపడితేనే పట్టుకుంటది." అన్నాక నాకు ఏడుపొచ్చింది. "ఆ రోజు అదే రోట్లో కాళ్లు దంచి, సరిగా కడక్కుండా మీకు పచ్చడి రుబ్బాను. మిమ్మల్ని ఇలా చేసింది నేనే. ఆయన కాదు, శనివారమూ కాదు."

"తెలుసులే."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంది? మొదటి ముద్ద నోట్లో పెట్టుకోంగానే నీచు వాసన కొట్టింది."

ఆ రోజు ఆవిడ ఒక్క క్షణం ఆగి నా వంక చూసిన చూపు గుర్తొచ్చింది. "మరి ఎందుకు తిన్నారు? శనివారం కదా. తిననని మీరే అన్నారుగా."

"పది రోజులు మూతి ముడుచుకుని తిరిగావు. ఆనాడు మిక్సీ మానుకుని, చెమటలు కక్కుతా రోటి ముందు కూర్చున్నావు. నేను దేవుడి గదిలోంచి చూస్తానే ఉన్నా. కంచం పక్కకు నెడితే నీ మొహం ఏం కావాలి? స్వామికి నేను చెప్పుకుంటాలే అనుకున్నా." మిరపకాయల ఘాటుకు కళ్లు తుడుచుకుంది, లేదా నేను అలా అనుకున్నాను. "అందులో పురుగుందని నాకేం తెలుసు? వాసనే అనుకున్నా. ఏడవమాక. వాడికి మాత్రం చెప్పు. పాపం, ఊరికే నోరు కట్టుకున్నాడు."

"మీరే చెప్పకపోయారా ఇన్నాళ్లూ?"

"నువ్వు చెప్తావని చూశా" అంది.

మర్నాడు ఆదివారం. మా ఆయన మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. పప్పు, అప్పడం. అత్తయ్య వసారాలో నిద్రపోతోంది. నేను ఎదురుగా కూర్చుని, విరిగిన రోలు దగ్గర్నుంచి పళ్లెం మీది ఆకుపచ్చ చుక్కల దాకా ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును అనుకున్నాను.

"అక్క అన్న మాటే నిజం అనుకున్నా ఇన్నాళ్లూ" అన్నాడు చివరికి. తర్వాత, "అమ్మకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు."

"నువ్వు చెప్పావా?"

"నిన్న చెప్పాను. కానీ ఆవిడకు మొదటి ముద్దకే తెలుసు."

ఆయన కంచం పక్కకు పెట్టి, వసారాలోకి వెళ్లి, నిద్రపోతున్న తల్లి కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు.